సర్వర్ గడియారం తప్పుతోందా? ముందు తేడా ఎంతో చూడండి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి

ఒక సోమవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి ఫోన్. "అన్నా, షేర్ ఫోల్డర్ ఎవరికీ ఓపెన్ అవ్వట్లేదు, పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నారు, అయినా మళ్ళీ మళ్ళీ అడుగుతోంది, సర్వర్ రీస్టార్ట్ కూడా చేశాం." ఏమన్నా మార్చారా తమ్ముడూ అంటే "ఏం మార్చలేదన్నా, శుక్రవారం దాకా బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. వెళ్ళి లాగ్ తీస్తే క్లాక్ స్క్యూ టూ గ్రేట్, అంటే గడియారాల మధ్య తేడా మరీ ఎక్కువైంది అని కుప్పలు కుప్పలుగా పడి ఉంది. సంగతేంటంటే దాదాపు రెండు నెలల కింద కొత్త ఫైర్‌వాల్ పెట్టారు, 80, 443, 53 పోర్టులు తప్ప అన్నీ మూసేశారు, సర్వర్లు బయటి నుంచి టైమ్ తెచ్చుకునే పద్ధతి ఎన్‌టీపీ, అది వాడే యూడీపీ 123 పోర్ట్ గురించి ఎవరికీ గుర్తు రాలేదు. అప్పట్నుంచి లినక్స్ ఫైల్ సర్వర్ ఒక దారిన, ఆఫీసు లాగిన్లన్నీ చూసుకునే డొమైన్ కంట్రోలర్ ఇంకో దారిన, రెండిటి మధ్య రోజుకి 6 సెకన్లు చొప్పున ఎడం పెరుగుతూ పోయింది. ఆ లాగిన్లని సరిచూసే కెర్బరోస్ మామూలుగా 5 నిమిషాల తేడా దాకా ఊరుకుంటది. అంటే 300 సెకన్లు, రోజుకి 6 చొప్పున సరిగ్గా 50 రోజులు. ఆ 50 రోజులు ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా లేదు, ఆ గీత దాటిన పొద్దున ఆఫీసు మొత్తం ఆగిపోయింది.

అందుకే ఈ జబ్బులో "నిన్నటిదాకా బాగానే ఉంది" అన్న మాటని అస్సలు పట్టించుకోవద్దు. ఇంకోటి, తప్పు కనిపించగానే ఫోన్ చూసి డేట్ కమాండ్‌తో చేత్తో టైమ్ సెట్ చేసేస్తారు చూడండి, అది మాత్రం చెయ్యకండి, ఎందుకంటే ఎంత తేడా ఉంది, ముందుకా వెనక్కా, పెరుగుతోందా నిలకడగా ఉందా, మీకున్న ఆధారం మొత్తం అందులోనే ఉంది, సెట్ చేశారంటే దాన్ని మీరే తుడిచేసినట్టు.

మొదటి పని, కొలవడం

సర్వర్‌లోకి ఎక్కి టైమ్‌డేట్‌సీటీఎల్ అని కొట్టండి. లోకల్ టైమ్, ప్రపంచమంతా లెక్కకి వాడే యూటీసీ టైమ్, బోర్డు మీద సెల్‌తో నడిచే ఆర్‌టీసీ గడియారం టైమ్, మూడూ చూపిస్తది. కింద సిస్టమ్ క్లాక్ సింక్రనైజ్డ్ అన్న లైన్‌లో ఎస్ ఉందా నో ఉందా, ఎన్‌టీపీ సర్వీస్ యాక్టివ్‌గా ఉందా, ఆర్‌టీసీ ఇన్ లోకల్ టీజెడ్ అన్న చోట ఏముంది, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత క్రోనీ (ఎన్‌టీపీతో గడియారం సరిచేసే ప్రోగ్రామ్, క్రోనీడీ వెనక నడిచేది, క్రోనీసీ దాన్ని అడిగే కమాండ్) ఉన్న మెషిన్ అయితే క్రోనీసీ ట్రాకింగ్ కొట్టండి, సిస్టమ్ టైమ్ అన్న లైన్ అసలు టైమ్ కంటే ఎన్ని సెకన్లు ఫాస్ట్ లేదా స్లో అని చెప్తది. అయితే ఒక మెలిక ఉంది: సర్వర్ బయటివాళ్ళతో మాట్లాడలేకపోతుంటే ఆ లైన్‌లో సున్నా చూపించినా నమ్మకూడదు, కింద లీప్ స్టేటస్ అన్న చోట నార్మల్ ఉంటేనే పై అంకెకి విలువ, నాట్ సింక్రనైజ్డ్ అని ఉంటే దానికి అసలు ఏమీ తెలీదని అర్థం. అలాంటప్పుడు క్రోనీడీకి హైఫన్ పెద్ద క్యూ పెట్టి, కొటేషన్లలో ఒక టైమ్ సర్వర్ లైన్ ఇచ్చి నడిపితే, టైమ్ మార్చకుండా తేడా మాత్రం చెప్పి ఆగిపోద్ది. పాత ఎన్‌టీపీడేట్ ఉంటే దానికి హైఫన్ చిన్న క్యూ, అదీ అదే పని చేస్తది.

ఇప్పుడు ఆ తేడాని చదవండి

సరిగ్గా అయిదున్నర గంటలు తేడా వస్తే అది టైమ్ సింక్ గొడవే కాదు, ఎన్‌టీపీ జోలికి వెళ్ళకండి. మన ఐఎస్‌టీ యూటీసీ కంటే 5:30 ముందు ఉంటది కదా, ఎక్కడో ఒక చోట ఐఎస్‌టీని యూటీసీ అనుకుంటున్నారు, అంతే. విండోస్ బోర్డు గడియారంలో లోకల్ టైమ్ రాస్తది, లినక్స్ అక్కడ యూటీసీ ఉందనుకుని చదువుద్ది, దాంతో బూట్ అవ్వగానే సర్వర్ అయిదున్నర గంటలు ముందుకి పోయి, కాసేపటికి ఎన్‌టీపీ అందాక వెనక్కి వస్తది. ఈలోపు లేచిన సర్వీసులన్నీ రేపో మాపో జరగాల్సిన టైమ్‌తో లాగులు రాసి కూర్చుంటాయి. టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్ లోకల్ ఆర్‌టీసీ 0 అని కొట్టి, హెచ్‌డబ్ల్యూక్లాక్‌తో ఒకసారి సిస్టమ్ టైమ్‌ని బోర్డు మీదకి రాసేస్తే అయిపోద్ది. ఇక డాకర్ కంటైనర్ లోపల 4:10 ఉండి బయట 9:40 ఉందంటే అది తప్పే కాదు, కంటైనర్‌కి సొంత గడియారం ఉండదు, అది నడుస్తున్న అసలు మెషిన్, అంటే హోస్ట్‌దే వాడుద్ది, చూపించేది యూటీసీలో చూపిస్తోంది అంతే, దానికి టైమ్‌జోన్ ఇవ్వండి చాలు.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ సంవత్సరాలు వెనక్కి పోయి ఏ 1970లోనో పాత బయాస్ తేదీలోనో తేలుతోంటే బోర్డు మీద సెల్ అయిపోయింది. చాలా బోర్డుల్లో సీఆర్2032 ఉంటది, మీటర్ పెడితే 3 వోల్టులకి దగ్గర్లో చూపించాలి, వాచీల షాపులో కూడా దొరుకుద్ది. రాస్‌ప్‌బెర్రీ పై లాంటి వాటిల్లో చాలావాటికి అసలు సెల్ పెట్టే ఏర్పాటే ఉండదు కాబట్టి నెట్ రాకముందు అవి తప్పు టైమ్ చూపించడం మామూలే. ఇక్కడ సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదు అన్న ఎర్రర్ వస్తే సర్టిఫికెట్ ఇచ్చినవాడిని తిట్టకుండా ముందు తేదీ చూస్కోండి.

రోజూ కొద్దికొద్దిగా, సెకన్లలో, ఒకే వైపుకి పెరుగుతోంటే ఎన్‌టీపీ అందట్లేదు. ఏ గడియారమైనా కొంచెం పరిగెత్తుద్ది లేదా వెనకబడుద్ది, పది లక్షలకి 10 వంతులు తప్పితే రోజుకి 0.86 సెకను, 100 వంతులు తప్పితే 8.64 సెకన్లు. మా వాళ్ళ 6 సెకన్లు ఈ లెక్కలో సుమారు 69 వంతులు, ఇంకా చెప్పాలంటే రెండు గడియారాల తప్పు కలిపి అంత, అంటే హార్డ్‌వేర్ చెడలేదు, కాపలా కాసేవాడు లేడు.

ఉన్నట్టుండి ఒకేసారి నిమిషాలో గంటలో గెంతితే, అదీ వర్చువల్ మెషిన్‌లో అయితే, ఎవరో స్నాప్‌షాట్ (ముందెప్పుడో దాచిన కాపీ) నుంచి లేపారు లేదా సస్పెండ్ చేసి మళ్ళీ నడిపారు. మిల్లీసెకన్లలో అటూ ఇటూ ఊగుతోంటే మామూలు ఆఫీసు పనికి వదిలెయ్యండి, పోయే దారి వచ్చే దారి ఒకే వేగంతో లేకపోతే ఆ తేడాలో సగం టైమ్‌లో తప్పుగా కనపడుద్ది, దాన్ని మీరు సర్వర్‌లో కూర్చుని సరిచెయ్యలేరు.

ఒక ఇంట్లో ఇద్దరు పెత్తందార్లు ఉన్నారేమో చూడండి

క్రోనీడీ, ఎన్‌టీపీడీ, సిస్టమ్‌డీ టైమ్‌సింక్‌డీ, మూడూ గడియారం సరిచేసేవే, ఈ మూడిట్లో ఒకటే నడవాలి. ఎవరో ఎప్పుడో క్రోనీ వేసి, ఇంకెవరో ఏదో బ్లాగు చూసి ఎన్‌టీపీ కూడా వేసి ఉంటారు, ఒకడు ముందుకి లాగితే ఇంకోడు వెనక్కి లాగుతాడు. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్‌తో మూడూ చూసి ఒకటి ఉంచి మిగతావి డిసేబుల్ చెయ్యండి. నన్నడిగితే క్రోనీనే ఉంచమంటాను. రెడ్ హ్యాట్ 8 నుంచి పాత ఎన్‌టీపీడీ తీసేశారు, అక్కడ ఎలాగూ క్రోనీనే. టైమ్‌సింక్‌డీ చిన్న క్లయింట్ మాత్రమే, డెస్క్‌టాప్‌కి చాలు, పదిమందికి టైమ్ పంచే సర్వర్‌కి సరిపోదు. అలాగే క్రాన్‌లో (టైమ్ ప్రకారం పనులు నడిపేది) గంట గంటకీ ఎన్‌టీపీడేట్ నడిపే పాత లైన్ ఏదన్నా ఉందేమో వెతకండి, నేను చూసిన సగం చోట్ల ఉంది.

ఇప్పుడు అసలు సంగతి, క్రోనీసీ సోర్సెస్

మీ సగం టైమ్ ఈ ఒక్క కమాండ్ దగ్గరే పోవాలి. ఒక్కో టైమ్ సర్వర్‌కి ఒక్కో లైన్ వస్తది. మొదట్లో ఉన్న రెండు గుర్తుల్లో మొదటిది ^ అంటే అది సర్వర్ అని, రెండోదే ముఖ్యం. * ఉంటే ప్రస్తుతం దాన్నే పట్టుకుని నడుస్తోంది. + ఉంటే దాని మాట కూడా కలుపుకుంటోంది. - ఉంటే బాగానే ఉంది గానీ పక్కన పెట్టింది. ? ఉంటే అందట్లేదు, లేదా ఇంకా సరిపడా జవాబులు రాలేదు. చిన్న ఎక్స్ ఉంటే మిగతా అందరూ ఒక టైమ్ చెప్తుంటే అదొక్కటే అబద్ధం ఆడుతోందని క్రోనీ తేల్చేసింది. ~ ఉంటే నిలకడ లేదు.

అదే లైన్‌లో రీచ్ అన్న కాలమ్ ఉంటది, అక్కడ 377 కనిపిస్తే చాలామంది ఇదేదో మిల్లీసెకన్లు అనుకుంటారు. కాదు. చివరి 8 సార్లు అడిగితే ఎన్నిసార్లు జవాబు వచ్చిందో 8 బిట్లలో దాచుకుని ఆక్టల్‌లో చూపిస్తది, ఎనిమిదీ వస్తే 377, ఒక్కటీ రాకపోతే 0. మధ్యలో 1, 3, 7, 17, 37 అని పెరుగుతోంటే ఇప్పుడే మొదలైంది, ఓపిక పట్టండి. పక్కనే పోల్ అన్న చోట 6 ఉంటే 64 సెకన్లకోసారి అడుగుతోంది, 10 ఉంటే 1024 సెకన్లకోసారి, కాబట్టి ఫైర్‌వాల్ మార్చిన అరనిమిషానికే మళ్ళీ చూసి "ఇంకా రాలేదే" అని కంగారు పడొద్దు.

ఆ రోజు ఆ ఆఫీసులో నాకు కనిపించింది ఏంటంటే నాలుగు లైన్లు, నాలుగిటికీ ^?, నాలుగిటికీ రీచ్ 0. ఇలా ఉంటే తప్పు టైమ్ సర్వర్లది కాదు, మీ గుమ్మం దగ్గరే ఉంది. లైన్లే రాకపోతే పేర్లు తెరుచుకోవట్లేదు, డీఎన్ఎస్ చూడండి.

గుమ్మం దగ్గర చూడ్డం ఇలా: టీసీపీడంప్ (పోయే వచ్చే ప్యాకెట్లు చూపించేది) పెట్టి యూడీపీ పోర్ట్ 123 ఫిల్టర్ ఇచ్చి, ఇంకో టెర్మినల్‌లో క్రోనీని రీస్టార్ట్ చెయ్యండి. ప్యాకెట్లు బయటికి పోతున్నాయి, ఒక్కటీ వెనక్కి రావట్లేదు అంటే ఫైర్‌వాల్ లేదా మీ ప్రొవైడర్ మింగుతున్నాడు. అసలు పోనే పోవట్లేదంటే సర్వర్ సొంత ఫైర్‌వాల్ రూల్ చూడండి. పింగ్ వస్తోంది కదా అని వాదించే వాళ్ళుంటారు, పింగ్‌కీ దీనికీ సంబంధం లేదు. ఇంకో తికమక ఏంటంటే క్రోనీ 323 పోర్ట్ కూడా తెరిచి ఉంచుద్ది, అది క్రోనీసీ తనతో మాట్లాడ్డానికి మాత్రమే, నెట్‌వర్క్ టీమ్‌కి ఆ నంబర్ ఇచ్చి 323 తెరిపించిన మహానుభావుల్ని చూశాను. తెరవాల్సింది యూడీపీ 123, టీసీపీ కాదు.

ఎవరి దగ్గర టైమ్ అడగాలి

మన దేశంలో సర్వర్లు నడిపే వాళ్ళకి ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో సిస్టమ్‌లన్నీ ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో, లేదా వాటిదాకా లెక్క తేలే సర్వర్లతో సింక్ అవ్వాలని ఉంది. ఎన్ఐసీ అంటే ప్రభుత్వ కంప్యూటర్ల పని చూసే నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్. ఎన్‌పీఎల్ అంటే ఢిల్లీలో ఉన్న నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ, మన ఐఎస్‌టీని నిలబెట్టేది వాళ్ళే. ఎన్ఐసీవి సమయ్1 డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్, సమయ్2 డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్. ఎన్‌పీఎల్‌ది టైమ్ డాట్ ఎన్‌పీఎల్ఇండియా డాట్ ఓఆర్‌జీ. రెడ్ హ్యాట్ వైపు అయితే ఈటీసీ కింద క్రోనీ డాట్ కాన్ఫ్‌లో, డెబియన్ ఉబుంటు వైపు అయితే ఈటీసీలో క్రోనీ ఫోల్డర్ లోపల అదే పేరు ఫైల్‌లో సర్వర్ అని పేరు రాసి చివర ఐబర్స్ట్ పెట్టండి, మొదట్లో గబగబా అడిగి తొందరగా తేల్చుకుంటది.

ఎన్ని పెట్టాలంటే నాలుగు. రెండు మాత్రం పెట్టకండి, ఇద్దరూ చెరో మాట చెప్తే ఎవరిది నిజమో తేల్చే మూడోవాడు ఉండడు. మూడుంటే ఒకడు అబద్ధమాడినా బయటపడతాడు, నాలుగుంటే ఒకడు పడుకున్నా పని నడుస్తది. అమెజాన్ క్లౌడ్‌లో ఉంటే బయటికి పోనక్కర్లేకుండా 169.254.169.123 అందుబాటులో ఉంటది. గూగుల్ టైమ్ సర్వర్‌ని మాత్రం మామూలు వాటితో కలపకండి, ఎందుకంటే లీప్ సెకను (భూమి తిరుగుడుతో కలవడానికి గడియారానికి అదనంగా కలిపే సెకను) వచ్చినప్పుడు గూగుల్ ఆ ఒక్క సెకనుని 24 గంటల మీద పలచగా పరుస్తది, మామూలు టైమ్ సర్వర్లు ఒకేసారి వేస్తాయి (అమెజాన్‌ది కూడా గూగుల్ లాగే పరుస్తది), మధ్యలో అర సెకను దాకా ఇద్దరికీ పడదు. చివరి లీప్ సెకను 2016 డిసెంబర్ 31 యూటీసీకి, అంటే మనకి 2017 జనవరి 1 పొద్దున్న అయిదున్నరకి, పడింది. ఆ తర్వాత ఇంకా వెయ్యలేదు, 2035 కల్లా ఈ పద్ధతే ఆపేద్దామని 2022లో నిర్ణయించారు కూడా, అయినా కలపొద్దు.

సరిచెయ్యడం: జరపాలా, గెంతించాలా

దారి తెరుచుకుంది, రీచ్ పెరుగుతోంది, ఇప్పుడు టైమ్ సరవ్వాలి. రెండు పద్ధతులు. ఒకటి మెల్లగా జరపడం, గడియారాన్ని కొంచెం వేగంగానో నెమ్మదిగానో నడిపి కలిపెయ్యడం. రెండోది ఒక్కసారిగా గెంతించడం. ఎన్‌టీపీడీ చాలా నెమ్మదస్తుడు, సెకనుకి అర మిల్లీసెకను కంటే జరపడు, అంటే ఒక్క సెకను కలపడానికి 2000 సెకన్లు, 33 నిమిషాలు. అందుకే తేడా 128 మిల్లీసెకన్లు దాటి కాసేపు అలాగే ఉంటే మామూలుగా గెంతిస్తాడు, 1000 సెకన్లు దాటితే ఏకంగా నా వల్ల కాదని ప్రాసెస్ ఆపుకుని పోతాడు, స్టార్ట్ చేసేటప్పుడు హైఫన్ చిన్న జీ ఇస్తేనే ఒకసారికి ఒప్పుకుంటాడు.

క్రోనీలో మేక్‌స్టెప్ 1 3 అని లైన్ ఉంటది, అంటే తేడా 1 సెకను దాటితే గెంతించు, కానీ మొదలైన తర్వాత మొదటి 3 అప్‌డేట్లలో మాత్రమే అని. ఆ మూడూ అయిపోయాక తేడా ఎంతున్నా జరుపుతూనే పోతది. అది జరిపే గరిష్ట వేగం మామూలుగా 12 సెకన్లకి 1 సెకను, కాబట్టి స్నాప్‌షాట్ నుంచి లేపిన మెషిన్ 40 నిమిషాలు వెనకుంటే కలవడానికి 8 గంటలు. అలాంటి మెషిన్లలో మేక్‌స్టెప్ 1 తర్వాత 3 బదులు మైనస్ 1 పెడితే ఎప్పుడైనా గెంతుద్ది. చేత్తో ఇప్పుడే గెంతించాలంటే క్రోనీసీ మేక్‌స్టెప్.

ఆగండి, ఎంటర్ కొట్టే ముందు ముందుకా వెనక్కా చూస్కోండి. ముందుకి గెంతితే మధ్యలో ఉన్న క్రాన్ పనులు కొన్ని తప్పిపోవచ్చు, అంతకంటే పెద్దగా ఏడిపించదు. వెనక్కి గెంతడమే ప్రమాదం. 10:06కి రాసిన రికార్డు తర్వాత 10:01 రికార్డు వస్తది, టైమ్‌స్టాంప్ చూసి ఏది కొత్తదో తేల్చుకునే కాసాండ్రా లాంటి డేటాబేస్‌లు కొత్త మార్పుని పాతదనుకుని పక్కన పడేస్తాయి. పాత డవ్‌కాట్ మెయిల్ సర్వర్ అయితే టైమ్ వెనక్కి వెళ్ళింది, ఇక నేను చచ్చిపోతున్నా అని లాగ్‌లో రాసి మరీ ఆగిపోయేది. కాబట్టి వెనక్కి అయితే డేటాబేస్, మెయిల్, క్రాన్ ఆపండి, గెంతించండి, ఎన్ని నిమిషాలు వెనక్కి పోయిందో అన్ని నిమిషాలు టీ తాగి రండి, అప్పుడు లేపండి. నేను ఆ రోజు చేసింది ఇదే, మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయినప్పుడు.

వర్చువల్ మెషిన్, విండోస్ వాళ్ళకి రెండు ముక్కలు

వర్చువల్ మెషిన్‌లో హోస్ట్ కూడా లోపలికి టైమ్ తోస్తది, అదీ ఇద్దరు పెత్తందార్ల కేసే. వీఎంవేర్‌లో వీఎంవేర్ టూల్‌బాక్స్ కమాండ్‌కి టైమ్‌సింక్ స్టేటస్ అని ఇస్తే ఆన్‌లో ఉందో లేదో చెప్తది, లోపల క్రోనీ నడుస్తుంటే దాన్ని ఆఫ్ చెయ్యండి. ఆఫ్ చేసినా స్నాప్‌షాట్, రెజ్యూమ్ అప్పుడు ఒకసారి హోస్ట్ టైమ్ తీసుకుంటది, అందుకని హోస్ట్ టైమ్ ముందు సరిగ్గా ఉండాలి, దాన్ని చూడకుండా గెస్ట్‌తో, అంటే లోపలి మెషిన్‌తో, రెండ్రోజులు కుస్తీ పట్టొద్దు. అన్నీ సరిగ్గా ఉండి కూడా తేడా పెద్దపెద్ద అంకెల్లో పెరుగుతోంటే డీమెసేజ్‌లో టీఎస్‌సీ అన్‌స్టేబుల్ అన్న మాట కోసం వెతకండి, లినక్స్ కెర్నల్ ప్రాసెసర్ లోపలి టైమ్ లెక్కనే నమ్మడం మానేసిందని దాని అర్థం.

విండోస్ డొమైన్‌లో అందరి గడియారం చివరికి పీడీసీ ఎమ్యులేటర్ పాత్ర ఉన్న డొమైన్ కంట్రోలర్ దగ్గరికే చేరుద్ది. బయటి టైమ్ సర్వర్ దానికొక్కదానికే ఇవ్వండి, మిగతా మెషిన్లని ముట్టుకోకండి. అక్కడ డబ్ల్యూ32టీఎం స్లాష్ క్వెరీ స్లాష్ సోర్స్ కొడితే లోకల్ సీఎంఓఎస్ క్లాక్ అని వచ్చిందంటే అది ఎవర్నీ అడక్కుండా తన బోర్డు గడియారాన్నే ఊరందరికీ పంచుతోంది. ఆ ఆఫీసులో సరిగ్గా అదే వచ్చింది.

మీ లోపలి నెట్‌వర్క్‌కి మీరే టైమ్ ఇవ్వాలంటే క్రోనీ కాన్ఫ్‌లో అలౌ అని రాసి మీ రేంజ్ ఇవ్వండి, 192.168.1.0/24 లాగా, సర్వర్ ఫైర్‌వాల్‌లో యూడీపీ 123 లోపలికి తెరవండి. కెమెరాల డీవీఆర్, స్విచ్‌లు, రౌటర్ అన్నీ దానికే తిప్పెయ్యండి, రేపు ఏదన్నా దొంగతనం జరిగి ఫుటేజ్ తియ్యాల్సి వస్తే మీకే అర్థమవుద్ది.

రెండు రోజులాగి మళ్ళీ చూడండి

క్రోనీసీ ట్రాకింగ్‌లో ఫ్రీక్వెన్సీ అన్న లైన్ ఉంటది, క్రోనీ పట్టుకోకపోతే ఈ గడియారం ఎంత తప్పేదో అది. ఆ ఫైల్ సర్వర్‌కి అక్కడ పది లక్షలకి 60 చిల్లర వంతులు వచ్చింది, అంటే రోజుకి 5 సెకన్లు పైన దానిదే, మిగతా కాస్త డొమైన్ కంట్రోలర్‌ది. ఈ అంకె దాదాపు నిలకడగా ఉంటే గడియారం మంచిదే, రోజుకో అంకె చూపిస్తే హార్డ్‌వేర్‌నో హోస్ట్‌నో అనుమానించండి. మానిటరింగ్‌లో రెండు అలారాలు పెట్టుకోండి: తేడా 100 మిల్లీసెకన్లు దాటితే ఒకటి, * ఉన్న సోర్స్ ఒక్కటీ లేకుండా గంట గడిస్తే ఇంకోటి. రెండోదే ముఖ్యం, అది ఉండుంటే వాళ్ళకి 50వ రోజు కాకుండా మొదటి రోజే తెలిసేది.

సాయంత్రం బయల్దేరేటప్పుడు గుమ్మం పక్కన పంచింగ్ మెషిన్ చూస్తే 4 నిమిషాలు వెనకుంది. దాంట్లో కూడా ఎన్‌టీపీ సెట్టింగ్ ఉంది, రెండు నిమిషాల పని, పెట్టెయ్యనా అని అడిగా. తమ్ముడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "అన్నా, దాన్ని మాత్రం ముట్టుకోకు" అన్నాడు.